గొంతు లేని ఆదివారాలు

ప్రియమైన మీకు,

వందనాలు. ఫోనులో నేనొక్కదాన్నే వాగుతూ, అటునుంచి మీ ఊపిరి మాత్రం వింటూ కూర్చోవడం నా వల్ల కావడం లేదు. డాక్టరు మిమ్మల్ని గుసగుస కూడా వద్దన్నాడు కాబట్టి ఇకనుంచి ఉత్తరాలే. పలక మీద నర్సుకి రాసి చూపించే 'నీళ్ళు', 'కిటికీ' లాంటి ముక్కలు కాకుండా నాకు కాస్త నిండుగా రాయండి.

గొంతులో గడ్డ పూర్తిగా తీసేశారని మీ తమ్ముడు చెప్పాడు. ఆ మాటతో సగం బతికాను. మిగతా సగం మీరు ఇంటికొచ్చాక బతుకుతాను. వీధిలో ఎవరు ఎదురైనా "అయ్యగారి గొంతు ఎలా ఉంది?" అనే అడుగుతున్నారు. అయ్యగారు ఎలా ఉన్నారని ఒక్కరూ అడగరు. వాళ్ళని అని ఏం లాభం, మైకు మొహం చూడకుండా ఇన్నేళ్ళు వీధి చివర మందుల షాపు దాకా వినిపించిన గొంతు కదా. ఆ షాపాయన నిన్న నన్ను ఆపాడు. ఆదివారం మీరు చివరి ప్రార్థనకి ఆమేన్ అనగానే షాపు మూసి భోజనానికి వెళ్ళేవాడట. ఇప్పుడు గడియారం చూసుకోవాల్సి వస్తోందని మొరపెట్టుకున్నాడు.

మందిరం సంగతి చెప్తాను. పాటలు పాడాం. మీరు లేక చివరి చరణాలు కుంటుతున్నాయి. బైబిలు వాక్యం పెద్ద టీచరుగారు చదివారు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆవిడకి హాజరు పిలిచే ధోరణి పోలేదు. ఆవిడ ఆగిన ప్రతిచోటా ఎవరైనా లేచి 'ఉన్నానండీ' అంటారేమోనని నాకు భయం వేసింది. సంఘపెద్ద దర్జీగారు 'అయ్యగారి చోట నిలబడటానికి నేనెంత' అంటూనే తన చేత్తో కుట్టుకున్న కొత్త కోటు వేసుకొచ్చాడు. ప్రార్థన కూడా జరిగింది. ఎవరు చేశారని మాత్రం అడగకండి.

పాస్టర్లని నియమించే మండలి నుంచి ఇద్దరు పెద్దలు వచ్చి వెళ్ళారు. మర్యాదగానే మాట్లాడారు. వానలు వెనకబట్టేలోగా మీరు మళ్ళీ ప్రసంగం చేయగలిగితే సరే, లేకపోతే మరో పాస్టరుని పంపిస్తామన్నారు. ఆయన వస్తే సంఘం ఇచ్చిన ఈ ఇల్లు ఆయనది. నేను దేవుడి చిత్తం అని టీ ఇచ్చాను. వాళ్ళు వెళ్ళాక పెద్ద బీరువా వంక చూసి, దీన్ని మెట్ల మీంచి ఎలా దించుతారో అనుకున్నాను. వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను.

మందులు వేళకి వేసుకోండి. పాడాలనిపించినా పాడకండి.

మీ
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

వందనాలు. ఇంత పెద్ద ఉత్తరం నీ చేతిలోంచి వస్తుందని నేననుకోలేదు. పెళ్ళయిన కొత్తలో నీ మాట వినపడక 'ఏంటి, ఏంటి' అని అడిగి అడిగి నీకు పెట్టిన పేరు ఇది. కాగితం మీద మాత్రం బాగానే అరుస్తున్నావు.

నా పక్క మంచం మీద కాలు విరిగిన బస్సు డ్రైవరు ఉన్నాడు. మా ఇద్దరి వాటా మాటలూ అతనే మాట్లాడేస్తాడు. నువ్వేం పని చేస్తావన్నా అని అడిగితే పలక మీద పాస్టరునని రాశాను. అతను ఆ పలక వంక చూసి, "మనిద్దరిదీ ఒకటే కథ అన్నా. నాకు కాలు, నీకు గొంతు" అన్నాడు. నవ్వాను. నవ్వితే కుట్లు లాగాయి.

నీతో చెప్పక ఎవరితో చెప్పను. దేవుడు నాకు ఇచ్చింది ఈ గొంతొక్కటే. పెద్ద చదువు లేదు, నిలువెత్తు విగ్రహమూ లేదు. నోరు తెరిస్తే జనం కూర్చునేవాళ్ళు, అంతే. ఇక్కడ రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుంటాను. లోపల మాటలు పేర్చుకుంటాను. నా గొంతు నా చెవిన పడకపోయేసరికి, నేను ప్రార్థిస్తున్నానో ఊరికే మంచం మీద కూర్చున్నానో నాకే తెలియడం లేదు. ఊరందరికీ ప్రార్థన నేర్పిన వాడి సంగతి ఇది.

ప్రార్థన ఎవరు చేశారో ఎందుకు దాచావు? దర్జీగారా? ఆయన మొదలుపెడితే అన్నం చల్లారిపోతుంది, అయినా మంచివాడే. లేక పక్క వీధి లౌడుస్పీకరు సంఘం నుంచి ఎవరినైనా పిలిచారా? పిలిచినా తప్పు లేదు. తప్పు లేదని రాస్తున్నాను కానీ, రాస్తుంటే కలం గట్టిగా నొక్కుకుపోతోంది.

టీచరుగారు చదవడానికి ఒక ప్రసంగం రాసి పంపుతున్నాను. శుక్రవారం డాక్టరు గొంతు లోపల అద్దం పెట్టి చూస్తానన్నాడు. చూశాక రాస్తాను.

నీ
మూగ పాస్టరు

*

ప్రియమైన మీకు,

వందనాలు. శుక్రవారం చూస్తానన్నాడని రాశారు. ఆ తర్వాత ఎన్ని శుక్రవారాలు వెళ్ళాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ప్రసంగాలు వస్తున్నాయి, మీ కబురు రావడం లేదు. నేను అడగను. మీరు చెప్పినప్పుడే వింటాను.

మీ ప్రసంగాలు టీచరుగారు చదువుతూనే ఉన్నారు. ఈ మధ్య ఆవిడ చదువు కాస్త మెత్తబడింది. కొన్ని కుటుంబాలు లౌడుస్పీకరు సంఘానికి వెళ్ళాయి. వాళ్ళని ఏమీ అనుకోకండి, పిల్లలున్నవాళ్ళు, పాటలు కావాలి. ఉన్నవాళ్ళం ఉన్నాం. మీరెన్నిసార్లు రాజీ కుదర్చబోయినా కుదరని ఆ గోడ తగాదా అన్నదమ్ములు ఇప్పుడు ఒకే బెంచీలో కూర్చుంటున్నారు. నేను నా కళ్ళతో చూశాను కాబట్టి నమ్ముతున్నాను.

ప్రార్థన ఎవరు చేశారని అడిగారు. అందరూ చేస్తున్నారు అనుకోండి. ఇంతకు మించి ఉత్తరంలో రాస్తే మీకు నవ్వైనా వస్తుంది, కోపమైనా వస్తుంది. మందుల షాపాయన మాత్రం, "ఆదివారం మీవాళ్ళంతా ఎటైనా వెళ్తున్నారా అమ్మా, లోపల మనుషులున్న చప్పుడే లేదు" అన్నాడు. నవ్వి వచ్చేశాను.

మండలి నుంచి మళ్ళీ కబురొచ్చింది. వాళ్ళ పద్ధతి వాళ్ళది. సంఘం ఏమంటుందో చెప్పమన్నారు. దర్జీగారు లేచి, "మేం అయ్యగారి కోసం చూస్తాం" అన్నాడు. ఎందాకా చూస్తారని అడిగితే కోటు గుండీలు సర్దుకుంటూ కూర్చున్నాడు. ఒక్క ఆదివారం వచ్చి వెళ్ళకూడదూ? మాట్లాడవద్దు, ఊరికే రండి.

ఎదురుచూస్తూ,
మీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

డాక్టరు ఒక్కరోజుకే పంపాడు కాబట్టి ఆసుపత్రికి తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాను. డ్రైవరు ఏదో అడుగుతున్నాడు. నా చెవులకి ఎక్కడం లేదు. మొన్న ఆదివారం దగ్గరే నేను ఆగిపోయాను.

చెప్పకుండా వచ్చి తలుపు కొట్టాను. నువ్వు తలుపు తీసి ముందు నా నోటి వంక చూశావు. నేను తల అడ్డంగా ఊపాను. నువ్వు నా చేతిలో సంచీ తీసుకుని లోపలికి వెళ్ళావు. ఇప్పుడు చెప్తున్నాను. ఆ మొదటి శుక్రవారమే డాక్టరు తేల్చేశాడు. ఇక గొంతు రాదు. పక్కనున్నవాడికి వినిపించేంత గుసగుస మిగులుతుంది. అది రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మొన్న వచ్చింది సెలవు తీసుకోవడానికే. ఆఖరి ప్రార్థన నోటితో కదిపి, అందరికీ చేతులు జోడించి దిగిపోదామని బస్సులోనే నిశ్చయించుకున్నాను.

టీచరుగారు చదవడం అయింది. నేను లేచి చెయ్యెత్తాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. గుసగుసగా నాలుగు మాటలు అన్నాను. ముందు బెంచీ దాకా కూడా చేరి ఉండవు. ఆమేన్ అన్నాను. ఎవరూ అనలేదు. నా ఆమేన్ వినపడితే కదా వాళ్ళు అనడానికి. ప్రార్థన అయిపోయిందని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. బల్ల తట్టి ఆ సంగతి తెలపాలని చెయ్యి చాపి, కళ్ళు తెరిచాను.

పిచ్చుకా, ఇన్నేళ్ళలో నా సంఘం ప్రార్థన చేస్తుండగా నేను చూడలేదు. ఎలా చూస్తాను, నా కళ్ళూ మూసుకునే ఉండేవి. పైగా నా అరుపులు.

దర్జీగారి పెదవులు సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కదిలినట్టు చిన్నగా కదులుతున్నాయి. ఆ పెద్ద కోటులో ఆయన చిన్నపిల్లాడిలా ఉన్నాడు. టీచరుగారు రెండు అరచేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, ఎవరో ఏదో ఇస్తారన్నట్టు కూర్చున్నారు. అన్నదమ్ముల్లో పెద్దవాడు ఏడుస్తున్నాడు. చిన్నవాడికి అది తెలుసు, కళ్ళు తెరవకుండానే తన చెయ్యి అన్న చేతి మీద పెట్టాడు. ఒక పసిపాప తల్లి భుజం మీంచి నన్నే చూస్తోంది. కళ్ళు తెరిచి ఉన్నది మేమిద్దరమే అనుకుంటాను. అది కూడా కిక్కురుమనలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, బయట ఎవరిదో సైకిలు వెళ్ళిన చప్పుడు. అంతే. కానీ గది ఖాళీగా లేదు. నిండి ఉంది. దేనితోనో నేను చెప్పలేను. బల్ల పట్టుకుని నిలబడ్డాను. నేను పిలిస్తేనే దేవుడు వస్తాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆయన అక్కడే ఉన్నాడు. నేను మాట్లాడుతుండటం వల్ల నాకే తెలియలేదు.

ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. అప్పుడు ఒక ఆమేన్ వినిపించింది. బొంగురుగా, పెద్దగా, గోడలు అదిరేలా. ఆ వెంటే అందరూ అన్నారు. నేను చేతులు జోడించలేదు. దిగిపోనూ లేదు. ఆ తర్వాత జనం చుట్టూ మూగారు, బస్సుకి వేళయింది, ఏదీ అడగడానికి వీలు చిక్కలేదు.

ఆమేన్ అన్నదెవరు? నా సంఘంలో దగ్గు విని మనిషిని చెప్పగలను. ఆ గొంతు మాత్రం నాకు తెలియదు.

ఇంకొకటి భయపడుతూ అడుగుతున్నాను. నా మాట వినపడక వాళ్ళు అలా ఉండిపోయారు, అంతే కదా. అది పొరపాటున జరిగింది. ఒక్క పొరపాటుని పట్టుకుని, గొంతు లేనివాణ్ణి, మళ్ళీ రమ్మంటావా? నిజం చెప్పు. నువ్వు దిగిపొమ్మంటే దిగిపోతాను.

నీ
నేను

*

ప్రియమైన మీకు,

వందనాలు. మీ ఉత్తరం బీరువాకి ఆనుకుని నిలబడే చదివాను. కూర్చుని చదివేంత ఓపిక లేకపోయింది.

అది పొరపాటు కాదు. పొరపాటు జరిగింది మీరు వెళ్ళిన మొదటి ఆదివారం. ప్రార్థన దగ్గరకొచ్చేసరికి దర్జీగారు టీచరుగారి వైపు చూశాడు, ఆవిడ ఆయన వైపు చూసింది. మీరు చేయండంటే మీరు చేయండని సైగలు చేసుకుని, ఎదుటివాళ్ళు ఒప్పుకున్నారనుకుని ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. మేమంతా మూసుకున్నాం. ఎవరూ మొదలుపెట్టలేదు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది, అయ్యగారు లేకపోతే వీళ్ళకి ఒక్క మాట రాదా అని. ఆ తర్వాత ఏమైందో మీరు రాశారు కదా. నేను మళ్ళీ రాయలేను. నేను బెంచీ అంచు పట్టుకున్నాను. చాలాసేపటికి అన్నదమ్ముల్లో చిన్నవాడు ఆమేన్ అన్నాడు. బయటికొచ్చాక ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అంతే. ఎవరూ నియమం పెట్టలేదు. కళ్ళు మూసుకుంటాం, ఎవరికో ఒకరికి ఆమేన్ అనాలనిపించేదాకా ఉంటాం. మీకు రాయకపోవడానికి కారణం భయమే. మీరు లేకపోతే మందిరం మూగబోయిందని మీరనుకుంటారని భయం. మీరు లేకపోయినా జరిగిపోతోందని అనుకుంటారేమోనని ఇంకో భయం. రెండూ నిజం కాదు. అక్కడ కూర్చుని మేము చేసిన పని మీకోసం చూడటమే. చూస్తుంటే మీకన్నా ముందు ఆయన వచ్చేవాడు.

సంఘమంతా కలిసి మండలికి తమ మాట చెప్పింది. ప్రసంగం మీరు రాస్తారు, టీచరుగారు చదువుతారు, ప్రార్థనకి మీరు చెయ్యెత్తి నిలబడతారు. మీ గుసగుస ముందు బెంచీకి చాలు, మిగతావాళ్ళకి మీరు నిలబడితే చాలు. ఈ మాట అన్నది దర్జీగారు. మండలి ఇంకా ఏమీ తేల్చలేదు. ఇల్లు ఉంటుందో ఉండదో తెలియదు. తేలేదాకా ఆగుతాం. ఆగడం ఇప్పుడు మాకు కాస్త చేతనవుతోంది.

ఇక మీరు అడిగింది.

కళ్ళు తెరిచి ఉన్నది పసిపాపా, మీరూ మాత్రమే కాదు. నేనూ తెరిచాను, తప్పే. తలుపు దగ్గర మీరు తల ఊపినప్పుడే మీరెందుకు వచ్చారో నాకు అర్థమైంది. చేతులు జోడించి దిగిపోతారని తెలుసు. అది చూడకుండా ఉండలేకపోయాను. మీరు బల్ల మీదికి చెయ్యి చాపడం చూశాను. ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మీరు వాళ్ళందరినీ చూస్తున్నారు. మన పెద్దమ్మాయి పుట్టిన రోజు దాన్ని మొదటిసారి మీ చేతుల్లో పెట్టినప్పుడు మీ మొహం అలాగే ఉంది. తర్వాత బల్ల పట్టుకున్నారు. ఇంకొక్క క్షణం ఆగితే పడిపోతారేమోనని నాకు భయం వేసింది. ఆ భయంతో నా నోట్లోంచి వచ్చింది ఆ ఆమేన్.

ఇన్నేళ్ళ కాపురం చేసి మీరు నా గొంతు గుర్తుపట్టలేదు. కోపం లేదు. అది నాదని నాకే ఆలస్యంగా తెలిసింది. ఇన్నేళ్ళూ మీ పాట కిందే పాడాను, అంతకు మించి ఎప్పుడు నోరు తెరిచాను కనక.

నిన్న మందుల షాపాయన కనిపించి, అయ్యగారి గొంతు వచ్చేసింది కదమ్మా అన్నాడు. మొన్న ఆదివారం ఆమేన్ వినపడగానే షాపు మూసి భోజనానికి వెళ్ళాడట.

ఇంటికి రండి.

మీ
పిచ్చుక