ఒక్క గది సామాను

అక్కా, నా బంగారు అక్కా,

నువ్వు రోజూ ఫోన్ చేసి ఎలా ఉన్నారంటావు, నేను రోజూ బాగానే ఉన్నామంటాను. ఆ మాట ఇక నా నోటికి రాదు. నిన్న నువ్వు చేసినప్పుడు ఎత్తలేదని కోపం తెచ్చుకోకు. నా గొంతు వింటే చాలు, కనిపెట్టేస్తావు. పైగా ఫోన్ మోగితేనే ఒళ్ళు జలదరిస్తోంది. అందుకే కాగితం తీసుకున్నాను. ఆఫీసులో అందరూ భోజనాలకి దిగారు. నేను మెట్ల పక్కన అట్టపెట్టెల మీద కూర్చుని రాస్తున్నాను.

మా పని నీకు తెలిసిందే. ఇళ్ళు మారేవాళ్ళ సామాను ఊరి నుంచి ఊరికి చేరుస్తాం. ఇదివరకు ఎవరైనా వివరాలు అడిగితే అవి మేడంకి వెళ్ళేవి, ఆవిడ పొద్దున్నే తలా కొన్ని పంచేవారు. ఇప్పుడు కొత్త ఏర్పాటు వచ్చింది. నెట్‌లో ఒక మధ్యవర్తి వెబ్‌సైట్ ఉంది. ఇల్లు మారాలనుకున్నవాళ్ళు అందులో వివరాలు నింపగానే అదే క్షణంలో మా టీమ్ చాట్‌లో పడతాయి. దాన్ని మేం లీడ్ అంటాం. పేరు, నంబరు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏం సామాను, అన్నీ ఉంటాయి. ఐదుగురి ఫోన్లూ ఒకేసారి టింగుమంటాయి. ముందు ఎవరు "నాది" అని కొడితే ఆ లీడ్ వాళ్ళది. ఆ వివరాలే మరో నాలుగు కంపెనీలకీ వెళ్తాయి కాబట్టి టీ చల్లారేలోపు మాట్లాడకపోతే బేరం చెయ్యిజారినట్టే. మాలో ఒకతన్ని అందరం ముఖం మీదే గద్ద అంటాం. అన్నం కలుపుతున్నా ఎడమ చేత్తో తన్నుకుపోతాడు. ఆ పేరంటే అతనికి గర్వం కూడాను.

మొన్న మధ్యాహ్నం టింగుమంది. నేను ఎప్పుడూ ముందు "ఎక్కడి నుంచి" అన్నదే చూస్తాను. మా వీధి, మా బిల్డింగు, మా తలుపు నంబరు. పై వాటావాళ్ళు పొరపాటున మా నంబరు వేశారేమో అనుకున్నాను. తర్వాత ఫోన్ నంబరు చూశాను. మీ మరిదిది. పేరు దగ్గర ఒక్క అక్షరం పెట్టి వదిలేశారు. ఎక్కడికి అన్నచోట, ఆయన పనిచేసే కళ్ళజోళ్ళ షాపు వాళ్ళు కొత్త బ్రాంచి తెరిచిన ఊరు. సామాను: ఒక్క గది. కింద ఇంకో ముక్క: పగలు మాత్రమే ఫోన్ చేయగలరు.

"నాది" అని కొట్టడానికి వేలు పైకెత్తాను. అది అక్కడే బిగుసుకుపోయింది. అప్పటికే గద్ద కొట్టేశాడు. కొత్తగా చేరిన అమ్మాయి నేర్చుకుంటుందని మొదటి ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లో పెడతాడు. సామాను చూడటానికి మనిషి వెళ్ళేదాకా ఆ వెబ్‌సైట్ తరఫునే మాట్లాడతాం, మా కంపెనీ పేరు చెప్పం. అందుకని అవతల ఆయనకి ఏమీ తెలియదు.

"సార్, సామాను షిఫ్టింగ్ అడిగారు కదా. మొత్తం ఇల్లా?"

"కాదండి. ఒక్క గది."

"ఎప్పుడు బయల్దేరదీద్దాం?"

"ముందు మనిషిని పంపించండి, చూసుకుంటారు. వచ్చే వారం. మా ఆవిడ ఆఫీసుకి వెళ్ళాక రావాలి. తనకి తెలియకూడదు."

ఆ గొంతు నాకు ఎంత దగ్గరదో ఆ గదిలో ఎవరికీ తెలియదు కదక్కా. ఫోన్ పెట్టేసి గద్ద ఒళ్ళు విరుచుకున్నాడు. "ఇంకో పెద్దమనిషి గోడ దూకుతున్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారని.

పాప పోయిన తర్వాత మా ఇల్లు ఎలా ఉందో నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఎనిమిదో నెలలో కడుపులోనే గుండె ఆగిపోయిందన్నారు, నువ్వే పక్కనున్నావు. నువ్వు ఊరెళ్ళాక పాప కోసం సర్దిన గదికి తాళం వేసి, ఈ తలుపు తీస్తే నేను ఈ ఇంట్లో ఉండనని ఆయనతో చెప్పాను. ఆయన తలూపారు. ఆ రోజు నుంచి మాటలు ఒక్కొక్కటే రాలిపోయాయి. తిన్నావా, గ్యాస్ కట్టేశావా, తలుపేసుకో. ఇవే మిగిలాయి. ఒకే వాటాలో అద్దెకి దిగిన ఇద్దరు కొత్తవాళ్ళలా ఉంటున్నాం. బాత్రూం దగ్గర ఎదురైతే ఒకరికొకరం దారిస్తాం.

ఇప్పుడు అదీ బరువైనట్టుంది. ఆయన బట్టల బీరువా, రాసుకునే బల్ల, కుర్చీ, పుస్తకాలు. లెక్కేసి చూశాను, ఒక్క గది సామాను సరిగ్గా సరిపోతుంది. ఇళ్ళు ఎలా ఖాళీ అవుతాయో నాకంటే ఎవరికి తెలుసు.

ఏం చెయ్యమంటావు? అమ్మకి చెప్పకు.

నీ చెల్లి

—

నా అక్కకి,

నీ జవాబు చేరింది. "నోరుందిగా, నిలదీసి అడుగు" అని రాశావు. ఆ కాగితం చేతిలో ఉన్నంతసేపూ ధైర్యంగానే ఉన్నాను. అన్నాల దగ్గర అడగాలని కూర్చున్నాను.

"ఏమండీ" అన్నాను.

"ఊఁ" అన్నారు.

"కూరలో ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

అంతేనక్కా. నిలదీయడం అంటే ఆ జవాబు వినే ఓపిక కూడా ఉండాలి. "అవును, నీతో ఉండలేను" అని ఆయన నోటితో అంటే నేను విని, కంచాలు తీసి, కడిగి, పొద్దున్నే లేచి ఆఫీసుకి రావాలి కదా. అది నా వల్ల కాదు. అడగనంతకాలం ఆయన ఇంకా చెప్పనట్టే.

ఇంట్లో ఏది చూసినా ప్రయాణంలాగే కనిపిస్తోంది. ఆయన చెప్పులు కుట్టించుకున్నారు. చొక్కాలన్నీ ఇస్త్రీకి ఇచ్చారు. మొన్న పాత అట్టపెట్టె ఒకటి మంచం కింద కనిపిస్తే దాని ముందు చతికిలబడిపోయాను. తీరా చూస్తే అందులో పాత బల్బులు.

ఆఫీసులో టింగుమన్నప్పుడల్లా మళ్ళీ మా తలుపు నంబరేమోనని ముందు అదే వెతుకుతున్నాను. చదివేలోపు ఇంకెవరో తీసుకుంటున్నారు. మేడం పిలిచారు. "నీకు ఒక్క లీడ్ కూడా లేదు ఈ మధ్య. చాట్ చూస్తున్నావా అసలు?" అన్నారు. చూస్తున్నానన్నాను. "చూస్తే సరిపోదమ్మా, అందుకోవాలి" అన్నారు. ఆవిడ ఉద్యోగం గురించే అన్నారు. నేను టాయిలెట్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. పాప పోయినప్పుడు గుండెలు బాదుకుని ఏడ్చినదాన్ని, ఇప్పుడు కళ్ళు మండుతాయంతే.

చివరికి ఒక నిర్ణయానికి వచ్చాను. బేరం ఖాయం చేసేముందు మా మనిషి ఒకరు వెళ్ళి సామాను చూసి కొలతలు రాసుకుని రావాలి. ఆ పనికి నేనే వెళ్తాను. గద్దని అడిగాను.

"ఆ ఒక్క గది లీడ్ నాకిస్తావా? బదులుగా ఇదివరకు నాకొచ్చిన స్కూలు సామాను లీడ్ నువ్వు తీసుకో."

"అదేంటక్కా, బంగారంలాంటి లోడ్ ఇచ్చి అణా కానీది తీసుకుంటావా? ఆ పెళ్ళాం చాటు మనిషిది ఏముందని?"

"ఆ ఇల్లు నాకు తెలుసు" అన్నాను.

ఏదో అనబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు. వేళాకోళం లేకుండా అతన్ని చూడటం అదే మొదలు. చాట్‌లో నా పేరు మీదికి మార్చేసి, "స్కూలుది నువ్వే ఉంచుకోక్కా" అన్నాడు.

రేపు మనిషి వస్తాడని గద్ద ఆయనకి ముందే చెప్పాడు. పొద్దున్న మామూలుగానే ఆఫీసుకని బయల్దేరి, కంపెనీ కోటు తొడుక్కుని, టేపు పట్టుకుని వెనక్కి వెళ్తాను. కాళ్ళు పట్టుకోను. కళ్ళనీళ్ళు పెట్టుకోను. బీరువా కొలుస్తాను, బల్ల కొలుస్తాను, ఇంత అవుతుందని చెప్పి బయటికి వచ్చేస్తాను. పోయేవాణ్ణి పట్టుకుని వేలాడే బతుకు నాకొద్దు. ఆ పైన ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. నీ దగ్గరికి వస్తానేమో. బావగారికి చెప్పు, ఈయన్ని ఏమీ అనొద్దని.

నీ చెల్లి

—

అక్కా,

కంగారుపడి బయల్దేరి రావద్దు. ముందు ఇది చదువు.

మా ఇంటి బెల్లు నేనే నొక్కాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ నొక్కలేదు, బయట నిలబడి వింటే అది ఎలా మోగుతుందో కూడా తెలియదు. తలుపు తీశారు. నన్ను చూసి, "ఏం మర్చిపోయావు?" అన్నారు.

"సామాను చూడటానికి వచ్చానండీ. ఒక్క గది అన్నారట."

ఆయన నా కోటు మీదున్న కంపెనీ పేరు చూశారు, చేతిలో టేపు చూశారు. "మీ కంపెనీకి వెళ్తుందని తెలియదు" అన్నారు గొణుగుతున్నట్టు. ఎవరో పరాయి మనిషికిచ్చినట్టు పక్కకి జరిగి దారిచ్చారు. నేను తిన్నగా మా పడకగదిలోకి నడిచి బీరువాకి టేపు పెట్టాను. టేపు జారిపోతే మళ్ళీ పెట్టాను.

"అది కాదు" అన్నారు గుమ్మంలోంచి.

వెనక్కి తిరిగి చూశాను. హాలు అవతల ఆ గది తలుపు బార్లా తీసి ఉంది.

ఎలా నడిచానో తెలియదు. దుమ్మంతా తుడిచేసి ఉంది. ఆయన చేత్తో గరుకు కాగితం రుద్ది రంగు వేసిన పాత చిన్నపిల్లల మంచం, చిన్న సొరుగుల బీరువా, పాలివ్వడానికి వీలుగా ఉంటుందని నేను పట్టుబట్టి కొన్న కుర్చీ. కుర్చీలో చిన్న గౌన్లు, షాపు చీటీలు కూడా తియ్యలేదు, మడతలు పెట్టి ఉన్నాయి. రోజూ నేను ఆఫీసుకి వెళ్ళాక ఆయన షాపుకి ఆలస్యంగా వెళ్తూ ఆ గదిలో కూర్చుంటున్నారట.

"ఇవి పంపించేస్తున్నారా? మీరు వెళ్ళిపోతున్నారా?" అన్నాను.

"రెండూ" అన్నారు.

ఎంత భయపడ్డానో అదే అన్నారక్కా. నేను అనుకున్నది అబద్ధం కాదు. కొత్త బ్రాంచికి వెళ్తానని షాపులో చెప్పేశారు కూడా. నేను గోడకి ఆనుకున్నాను. ఆయన మంచం అవతల నిలబడి, నాకేసి చూడకుండా, ఇన్ని నెలల మాటలూ ఒక్కసారిగా మాట్లాడారు.

"వెళ్ళిపోదామనే ఆ వెబ్‌సైట్ తెరిచాను. ఏం సామాను తీసుకెళ్తారు అని అడిగింది అందులో. నావి ఏమున్నాయి అని ఇల్లంతా తలుచుకున్నాను. బట్టలు గుర్తురాలేదు, బల్ల గుర్తురాలేదు. ఈ గదే గుర్తొచ్చింది."

"నాకు చెప్పకుండా తీసుకుపోదామనుకున్నారా? ఇది నాది కాదా?"

"నువ్వు తలుపు తీస్తే ఉండనన్నావు. సరే, నువ్వున్నంతసేపూ తియ్యలేదు. నువ్వు ఏడిస్తే మీ అక్క వచ్చింది, మీ అమ్మ వచ్చింది, వీధిలో వాళ్ళు వచ్చారు. అది నాకూ కూతురేగా. నేనెక్కడ కూర్చుని ఏడవాలి?"

నాకు కోపం వచ్చింది, చాలా వచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాను. దొంగలాగా పారిపోతారా అన్నాను, నా ఆఫీసులో అందరూ నవ్వారన్నాను, నేనూ నవ్వాల్సొచ్చిందన్నాను. ఆ మాటకి ఆయన కూలబడిపోయారు. మంచం కమ్మీ పట్టుకుని, పశువు అరిచినట్టు ఏడ్చారు. ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆస్పత్రిలో సంతకాలు పెట్టింది ఆయన, పాపని అందుకుని తీసుకెళ్ళింది ఆయన, తిరిగొచ్చి నాకు మందులు లెక్కపెట్టి ఇచ్చింది ఆయన. ఆ రోజు ఆయన భుజం మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదక్కా. నువ్వూ వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. అప్పటికి నాకూ ఏడుపు వచ్చింది. ఎండ కిటికీలోంచి గోడ మీదికి పాకింది. మధ్యలో ఆయన ఒక గౌను తీసి, "ఇది మరీ పెద్దది, నేను అప్పుడే అన్నాను" అన్నారు. "మీకేం తెలుసు, పిల్లలు ఇట్టే ఎదుగుతారు" అన్నాను. ఆయన చేతిలోంచి గౌను తీసుకుని మళ్ళీ మడతపెట్టాను.

అంతా బాగైపోయిందని రాయను. బ్రాంచి సంగతి ఆయన ఇంకా తేల్చలేదు. నేను ఉండిపొమ్మని బతిమాలలేదు, ఆయన ఉంటానని మాటివ్వలేదు. ఆ గదికి మాత్రం ఇక తాళం వెయ్యం.

అక్కడే ఉండగా నా ఫోన్ టింగుమంది. సామాను చూసొచ్చాక లీడ్ ఏమైందో చెప్పకపోతే చాట్ దానంతటదే అడుగుతుంది. ఫోన్ ఇద్దరి మధ్యా పెట్టాను. బేరం కుదిరింది, వేరే కంపెనీకి వెళ్ళారు, ప్రయాణం రద్దు, ప్రయాణం వాయిదా. వీటిలో ఒకటి నొక్కాలి.

"ఏం పెట్టమంటారు?" అన్నాను.

నాలుగూ చదివారు. "రద్దు అంటే ఇవాళ అబద్ధమవుతుంది" అన్నారు.

వాయిదా నొక్కాను. అవతల ఆఫీసులో అందరి ఫోన్లూ మోగి ఉంటాయి.

"వాయిదా వేసినవాళ్ళని వదిలెయ్యకూడదు, మళ్ళీ మళ్ళీ అడుగుతూ ఉండాలి, మా దగ్గర అది రూలు. ఈ లీడ్ నాది కాబట్టి నేనే అడగాలి" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు.

"అడుగు" అన్నారు. "రోజూ అడుగు."

నీ చెల్లి