తీగలు తీసేదాకా

వడమాలపేట,
జూన్ 18, 2025.

ప్రియమైన గ్రేసీకి,

నేనిక్కడ క్షేమం. వేలూరు ఆసుపత్రిలో నువ్వూ క్షేమమేనని అమ్మ రోజూ చెబుతోంది కనుక, అక్కడా క్షేమమే అనుకుని రాస్తున్నాను.

నోటితో చెప్పే వీల్లేదే. దవడ రెండుచోట్ల విరిగింది. పైపళ్ళనూ కిందిపళ్ళనూ కలిపి తీగలతో కట్టేశారు. డిగ్రీలో లెక్చరర్లు ఎంత తిట్టినా మూయని నోరు! నువ్వుంటే, అబ్బ, ఇంక శ్రీ సిటీ దాకా కంపెనీ బస్సులో నిద్రన్నా పోవచ్చు అనుంటావు.

తిరుపతిలో నన్ను మొదట చూసిన డాక్టరమ్మ దవడ సంగతే ఎత్తలేదు. ఊపిరి అందుతోందా, మెడ నొప్పా, స్పృహ తప్పిందా అని అడిగింది. తర్వాత నోరంతా వెతికి, ఒక పన్ను లేదని ఛాతీకి ఎక్స్‌రే తీయించింది. ఊడిన పన్ను ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి జారుతుందట. నాది జారలేదు. కొరికి చూడు, పళ్ళు మునుపటిలాగే కలుస్తున్నాయా అంది. కలవలేదు. పైవరుస నాదీ, కిందిది ఇంకెవరిదో అన్నట్టుంది.

ఇంటికి పంపేటప్పుడు ఆ డాక్టరమ్మే అమ్మ చేతికి కటింగ్ ప్లేయర్ ఇచ్చింది. వాంతి వచ్చినా, ఊపిరాడకపోయినా వెంటనే తీగలు కత్తిరించాలట. అమ్మ దాన్ని కొంగున ముడేసుకుని తిరుగుతోంది. ఎప్పుడూ ఒకటే మాట. ఏడ్సొద్దు బిడ్డా, ముక్కు మూసుకుపోతే ఊపిరి యాడ్నించి పీలుస్తావు అని.

నన్ను చూడవచ్చినవాళ్ళకు వాకిట్లోనే ఏదో చెప్పి లోపలికి పంపుతుంది. అందరూ నవ్వుతూ వస్తారు. మీ అమ్మ రెబెకా ఆంటీ కూడా వచ్చింది, తెల్లచీర కట్టుకుని. నువ్వు లేచి కూర్చున్నావట, కోమలి ఎట్లుండాది అని అడిగావట. చెబుతున్నంతసేపూ నా గడ్డాన్నే చూసింది, ఒక్కసారీ కళ్ళలోకి చూడలేదు.

అందరూ మామిడిరసమే తెస్తారు. పన్ను ఊడిన సందులో స్ట్రా పెట్టి తాగిస్తారు. ఆ వాసన తగిలితే చాలు, మళ్ళీ నీ స్కూటీ వెనక కూర్చున్నట్టే ఉంటుంది. మబ్బు మబ్బుగా తెల్లవారుతుంటుంది. బస్సుకు టైమవుతుంటుంది. లైటు లేకుండా రోడ్డు మీద ఆగిన మామిడికాయల ట్రాక్టరు. ఆ తర్వాత మన చుట్టూ చితికిన తోతాపురి కాయలు, వాటి మధ్య దొర్లుతూ నీ ఎర్ర హెల్మెట్. రసం మింగుతాను. అందరూ చూస్తుంటారు కదా.

కవరు నేను అంటిస్తాలే, నువ్వు పనుకో అంటోంది అమ్మ. అందుకని ఇంతటితో ఆపుతున్నాను.

నీ వెనక సీటు మనిషి,
కోమలి

తా.క.: అమ్మా, ఈ ఉత్తరం వేలూరు పోదనీ, నువ్వే చదువుతావనీ నాకు తెలుసు. గ్రేసీ ఆ రోడ్డు మీదే, నా చెయ్యి పట్టుకునే చనిపోయింది. మీరంతా నా కోసం దాస్తుంటే, మీ కోసం నేనూ దాచాను. కొంగు ముడి విప్పి, కటింగ్ ప్లేయర్ చేతిలో పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చో. తీగలు తీసేదాకా ఆగలేను. ఇప్పుడే ఏడుస్తాను.