రెయిలింగ్ లేని మెట్లు

అక్కా, కంగారు పడకు. కొత్త మెట్ల మీంచి పడింది నేను కాదు, మా వెల్డరు. తుంటి ఎముక విరిగింది.

మెట్ల డ్రాయింగ్‌ని మా కంప్యూటర్ ప్రోగ్రామ్‌లోంచి వర్క్‌షాపు వాళ్ల ప్రోగ్రామ్‌లోకి మార్చి పంపాం. మెట్లన్నీ వెళ్లాయి, రెయిలింగ్ వెళ్లలేదు. వాళ్లు కనబడినంతవరకే చేసి బిగించారు. "కనబడనిదాని గురించి ఎలా అడుగుతామండీ?" అన్నాడు ఫోర్‌మన్. ఇప్పుడు ప్రతి డ్రాయింగ్‌తోనూ కాగితం మీద ప్రింటు కూడా పంపి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోమంటున్నాను.

చిన్నదానికి దగ్గు తగ్గిందా? నా పాత స్వెటరు పంపించు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ కార్డులో ఇంటిల్లిపాది కబుర్లూ ఉన్నాయి, నీ స్కానింగు సంగతి తప్ప. నా దగ్గర నాటకాలొద్దు. డాక్టరు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయి.

నీ తమ్ముడు