చెల్లెమ్మా అన్నందుకు

జైసల్మేర్ కోట
పుష్య శుద్ధ తదియ

ప్రియమైన గవరా అక్కకు,

నీ సుగనీ నీ పాదాలకు దణ్ణం పెట్టి రాస్తున్నది. బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటాను. మేమూ కులాసా అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అందుకని రాయను.

ఆ కలకత్తా మనిషి మళ్ళీ వచ్చింది. ఇది నాలుగో చలికాలం. కేయా అని పేరు, అక్కడేదో బళ్ళో బొమ్మలు వెయ్యడం నేర్పుతుందట. ఊళ్ళో ఇంతమంది గైడ్లుండగా ఆ మహాతల్లికి మీ మరిదిగారే కావాలి. పొద్దున్నే మా కిటికీ కింద నిలబడి ఆయన్ని పేరు పెట్టి పిలుస్తుంది. పదకొండేళ్ళ కాపురంలో నా నోట రాని పేరక్కా అది! ఇప్పుడు రాయబోయినా కలం ఆగిపోయింది. ఆవిడ మాత్రం కొత్తిమీర అమ్మినట్టు వీధంతా వినపడేలా అరుస్తుంది. ఈయన సగం తిన్న బాజ్రా రొట్టె పళ్ళెంలో వదిలేసి మెట్లు దిగుతారు.

నువ్వు వేరే అనుకోకు. ఆవిడకి యాభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. నాది ఆ రకం కుళ్ళు కాదు. అదే అయితే నలుగురిలో కూర్చుని ఏడ్చేదాన్ని, నలుగురూ ఓదార్చేవాళ్ళు. నా కుళ్ళు ఇంకోటి. కిటికీలోంచి చూస్తుంటాను. ఆయన ఆవిడ పక్కనే నడుస్తారు. ముందూ కాదు, వెనకా కాదు, పక్కన. చెయ్యి ఎత్తి ఏదో గవాక్షం చూపిస్తారు, ఆవిడ తలెత్తి చూస్తుంది, ఇద్దరూ నవ్వుతారు. ఇంటికొచ్చాక ఆ నోటికి తాళం. "కూరలో ఉప్పు తగ్గింది," అంతే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

నీకు ఇన్నాళ్ళూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. పెళ్ళయిన ఏడు, సిగ్గు చంపుకుని అడిగాను: "అందరూ బడాబాగ్ బడాబాగ్ అంటారు, రాజుల సమాధి గోపురాలట, నాకూ ఒకసారి చూపించరూ?" ఆయన నవ్వారు. "పెళ్ళాన్ని వెంటేసుకుని తిరిగితే తోటి గైడ్లు నన్ను బతకనిస్తారా? పిచ్చి మొహమా!" అన్నారు. అంతే, మళ్ళీ అడగలేదు. ఎక్కడెక్కడినుంచో ఎవరెవరో వచ్చి చూసిపోయే ఊళ్ళో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. నేను చూసింది లక్ష్మీనాథుడి గుడి, నీళ్ళ కుళాయి.

ఇక నా వల్ల కాదు. శివరాత్రి వెళ్ళగానే చిన్నదాన్ని తీసుకుని ఫలోదీ వచ్చేస్తాను, నీ దగ్గరే ఉంటాను. మళ్ళీ రాను. బావగారికి నువ్వే ఎలాగో చెప్పు.

నీ చెల్లెలు
సుగనీ


జైసల్మేర్ కోట
పుష్య బహుళ పాడ్యమి

అక్కా,

నీ జవాబు అందింది. "మొగుడు ఊరు చూపించలేదని ఎవరైనా కాపురం వదులుకుంటారే?" అని తిట్టావు. తిట్టు. కానీ ఇవాళ ఏం జరిగిందో చదివి, అప్పుడు చెప్పు.

వాళ్ళేం మాట్లాడుకుంటారో నా చెవులతో వినాలనిపించింది. పక్కింట్లో పాలమ్మే ఆవిడ దగ్గర పసుప్పచ్చ ఓణీ అడిగి తెచ్చుకున్నాను. ఆయన చప్పుడు గుర్తుపడతారని పట్టీలు విప్పేశాను. అత్తగారితో గుడికని చెప్పి, గడ్డం దాకా ముసుగు లాక్కుని వెనకాలే బయల్దేరాను. కోట దిగి, బజారు దాటి, పట్వాల హవేలీ మేడల సందు దాకా వెళ్ళాం. దొంగలా నడిచాను. అయినా ఎండ పడుతుంటే ఆ మేడల రాళ్ళు ఏం రంగక్కా! అది కూడా ఆవిడే ముందు చూసింది.

ఆవిడ అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచింది. చుట్టూ చూసి, నా వైపు వేలు పెట్టి, "ఆ పసుప్పచ్చ ముసుగావిణ్ణి ఆ తలుపు పక్కన నిలబడమనండి, బొమ్మ వేసుకుంటాను," అంది. పారిపోదామంటే వెనక ఆవు అడ్డం. ఆయన నా దగ్గరికొచ్చారు. రెండడుగుల దూరంలో నిలబడి, చేతులు జోడించి, ఎంత మర్యాదగానో అన్నారు: "చెల్లెమ్మా, కాస్త ఇటు నిలబడతావా? భయపడకు, ఈవిడ బొమ్మలేసే పంతులమ్మ."

చెల్లెమ్మా! ఇద్దరు బిడ్డల తల్లిని పట్టుకుని చెల్లెమ్మా అన్నారు! పట్టీలు లేకపోతే నేనెవరో కూడా తెలీదన్నమాట. వెళ్ళి తలుపు పక్కన నిలబడ్డాను. ఆవిడ గీస్తోంది, ఈయన కబుర్లు చెబుతున్నారు. మధ్యలో ఆవిడ, "మీ ఆవిణ్ణి ఒక్కసారీ తీసుకురారేం? ఆవిడకి ఇవన్నీ చూడాలని ఉండదా?" అని అడిగింది.

ఆయన తడుముకోకుండా, "ఆవిడకి ఇలాంటివాటి మీద ధ్యాస లేదండీ. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు," అన్నారు.

నేనేం అనాలనుకోలేదక్కా. నోరే అనేసింది. "అడిగింది. పెళ్ళయిన ఏడు అడిగింది. బడాబాగ్ చూపించమంది. పిచ్చి మొహమా అన్నారు."

ఆయన నా గొంతు గుర్తుపట్టారు. ఎదురుగా ఉన్న ఓణీల కొట్టువాడు గజంకర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆవిడ పెన్సిల్ ఆపి, "ఎవరీవిడ?" అంది. ఇప్పుడే చెల్లెమ్మా అన్న మనిషిని మా ఆవిడ అని ఎలా చెప్తారు? "ఈవిడా... ఈవిడ..." అంటూ నీళ్ళు నమిలారు. కొట్టువాడు పకపకా నవ్వాడు. "పెళ్ళాన్నే చెల్లెలు చేశావటయ్యా గైడూ! రాఖీ కట్టించుకో మరి!" నేను ఒక్క పరుగున ఇల్లు చేరాను.

శివరాత్రి దాకా కూడా ఆగను. బావగారిని పంపు.

సుగనీ


జైసల్మేర్ కోట
పుష్య బహుళ తదియ

బంగారు అక్కా,

బావగారిని పంపకు. బయల్దేరి ఉంటే వచ్చి నాలుగు రోజులుండి వెళ్తారులే.

నీకు ఉత్తరం రాసిన సాయంత్రానికే ఆ కబురు ఆయన కంటే ముందు కోటెక్కింది. అత్తగారు కొడుకుని ఎదురుగా నిలబెట్టారు. నన్నే దులిపేస్తారనుకున్నాను, గుడికని అబద్ధం చెప్పింది నేను కదా. ఆవిడ నా వైపు చూడనే లేదు. "చెల్లెలన్నావా?" అన్నారు. "తెలీకన్నానమ్మా." "తెలిసో తెలీకో, మన కులంలో నోటితో చెల్లెలంటే చెల్లెలే. చెల్లెలు నోరు తెరిచి అడిగింది అన్న కాదనకూడదు. పైగా చెల్లెలి పక్కన నడిస్తే నవ్వేవాడెవడు? రేపు పట్టపగలు తీసుకెళ్ళి చూపించి రా. ఆ తర్వాత లక్ష్మీనాథుడి ముందు దీపం పెట్టి మళ్ళీ మొగుడివవుదువుగాని. అప్పటిదాకా నీ పక్క వరండాలో." ఆవిడ నోరు కొంగుతో మూసుకున్నారు. నవ్వారని నా అనుమానం. ఆవిడ ఈ ఇంటికి కోడలిగా వచ్చి యాభై ఏళ్ళు, మామగారు ఆవిడకి ఏం చూపించారో నేనెప్పుడూ అడగలేదు.

మర్నాడు జీపులో బడాబాగ్ వెళ్ళాం. గోపురాల కింద నిలబడి ఆయన మొదలెట్టారు, ఏ రాజు ఎప్పుడు పోయాడు, ఏ రాయి ఎక్కడిది అని. నా కుళ్ళు మళ్ళీ లేచింది. ఆ మాటలన్నీ ఆ కలకత్తా ఆవిడకి చెప్పినవే కదా, ఆ చెయ్యెత్తడం కూడా అదే. "ఆపండి, వాడేసిన మాటలు నాకొద్దు," అన్నాను. ఆయన ఆగిపోయారు. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. గాలి వేస్తోంది. ఆయనే, "నిజంగానే మర్చిపోయానే. నువ్వు అడిగిన సంగతి మర్చిపోయాను. నిన్న సందులో నీ గొంతు విన్నాక గుర్తొచ్చింది," అన్నారు. ఈ మాట ఎవరికీ చెప్పి ఉండరు. నేను ఏడ్చాను, ముసుగులోనే.

తిరిగొచ్చేసరికి కోట గుమ్మం దగ్గర గైడ్లంతా టీ తాగుతున్నారు. మేం పక్కపక్కన వస్తున్నాం. ఒకడు గ్లాసెత్తి, "ఏం గురూ, చెల్లెమ్మగారికి ఊరు చూపించావా?" అన్నాడు. అవునంటే పోయేది. అత్తగారు ఆ దారి కూడా చూపించారు, పరువు దక్కేది. నేను తల వంచుకుని నాలుగడుగులు వెనక్కి తగ్గబోయాను.

ఆయన ఆగారు. "చెల్లెలు కాదురా, నా పెళ్ళాం. రేపు అమర్‌సాగర్ చెరువు దగ్గరికి తీసుకెళ్తున్నా, నవ్వేవాళ్ళంతా ఇవాళే నవ్వేసుకోండి," అన్నారు.

నవ్వారక్కా. ఏం నవ్వారని! కోట నాలుగు గుమ్మాలూ దాటేదాకా వెనక ఈలలు వినిపిస్తూనే ఉన్నాయి. ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి, కానీ నా పక్కనుంచి కదల్లేదు. మా సందులోకి తిరిగాక తలెత్తి చూశాను. ప్రతి కిటికీలోనూ ఒక ముసుగు. ఎవరూ నవ్వడం లేదు. ఆ చూపు ఏమిటో నాకు తెలుసు. పదకొండేళ్ళు నేనూ అలాగే చూశాను.

నీ
సుగనీ