పదకొండు ఎర్ర చుక్కల విషయమై

కార్విన్ హార్బర్, మిషిగన్.

నగర వంతెనల ఇంజనీరు గారి దివ్యసముఖమునకు,

అయ్యా,

విషయం: ఊరి నుంచి సరస్సు ఒడ్డుకు కట్టబోవు నడక వంతెన – వాలుదారి నమూనాను కొట్టివేయుట – మా ఆడవారు పెట్టిన బొట్లను వ్యతిరేక ఓట్లుగా లెక్కించుట గురించి.

రోడ్లు భవనాల శాఖలో ముప్పై ఒక్క సంవత్సరములు పనిచేసి, ప్రస్తుతము కూతురింట ఉంటున్న కె. భీమశంకర్ వ్రాసుకొను విన్నపము.

1. గత శనివారం లైబ్రరీలో తాము రెండు నమూనాలు గోడకు అంటించి జనాభిప్రాయం కోరితిరి. ఒకటి అరవై నాలుగు మెట్లు, పక్కన లిఫ్టు. రెండవది మెట్లే లేని పొడవాటి వాలుదారి. తలుపు దగ్గర ఒక అమ్మాయి అందరికీ అంటించే చుక్కలు ఇచ్చెను. కొన్ని ఎరుపు, కొన్ని పచ్చ.

2. మా వాకింగ్ బృందంలోని పదకొండుమంది ఆడవారు వాలుదారే కావాలని ఏకగ్రీవముగా తీర్మానించి, దానిపై పదకొండు ఎర్ర చుక్కలు అంటించిరి. కొత్త కారుకైనా, కొత్త బీరువాకైనా ముందు ఎర్రబొట్టు పెట్టుట మా ఆచారం. రాధారాణి గారైతే కళ్లకద్దుకుని మరీ పెట్టిరి. తమ లెక్కలో ఎరుపంటే "వద్దు" అట! బొట్టు పెడితే వద్దన్నట్టా? ఇదెక్కడి చోద్యమండీ!

3. తత్ఫలితముగా ఏడు ఓట్ల తేడాతో మెట్లు గెలిచినవి.

4. నా భార్య జ్ఞానప్రసూనకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయినది. మెట్లెక్కలేదు. లిఫ్టు ఉన్నది కదా అందురేమో. గత నెల ఆసుపత్రి లిఫ్టులో నలభై నిమిషాలు ఇరుక్కుపోయింది. ఇక దేవుడే దిగివచ్చి బటన్ నొక్కినా లిఫ్టెక్కదు. సరస్సు మా కిటికీలోంచి కనబడుతూనే ఉంటుంది. మధ్యలో ఆరు వరుసల హైవే. "ఏమండీ, అన్ని నీళ్లు కళ్లెదురుగా ఉన్నాయి, ఒక్కసారి కాళ్లు తడుపుకునే యోగం లేదా నాకు?" అని రోజూ అడుగుతుంది.

5. వాలుదారి డ్రాయింగు నేను స్వయముగా పరిశీలించితిని. వాలు బాగున్నది. మధ్యలో కూర్చోవడానికి రెండు బల్లలు మాత్రం వేయించండి, వచ్చేవాళ్లంతా మోకాళ్ల నొప్పుల బాపతే.

కావున సదరు పదకొండు ఎర్ర చుక్కలను పచ్చవిగా భావించి, వాలుదారినే కట్టించునట్లు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. భీమశంకర్

తా.క. దీన్ని ఇంగ్లీషులోకి మార్చే మా అల్లుడు అనుదీప్ ఈ భాగం వాళ్ల అత్తగారి చెవిన పడకుండా మార్చవలెను.

నిజం చెప్పేస్తున్నాను సార్. "ఏ రంగు అంటించాలి అన్నయ్యగారూ?" అని ఆడవాళ్లు నన్నే అడిగారు. ఎరుపంటే వద్దని గోడ మీద ఇంతలేసి అక్షరాలతో రాసే ఉందట. నేను చదవలేదు. ఇంజనీర్ని, నాకు చదవడమేమిటి అనుకుని "శుభమా అని ఎర్రది పెట్టండమ్మా" అన్నాను. మా ఆవిడ ఆ రోజు ఫిజియోథెరపీకి వెళ్లింది కాబట్టి తెలియదు. రాధారాణి గారు చెప్పనన్నారు గానీ, ఎన్నాళ్లు ఆగుతారో నమ్మకం లేదు. తప్పంతా మీ ఆఫీసుదేనని మా ఆవిడ రోజూ కిటికీ దగ్గర కూర్చుని మిమ్మల్ని తిడుతోంది. చెప్పే ధైర్యం లేక, పక్కన కూర్చుని నేను కూడా తిడుతున్నాను.