హాలంతా నవ్విన సినిమా

13-6-2004, ఆదివారం, ధర్మవరం

ఒళ్లు హూనమైంది, అయినా నిద్ర పట్టడం లేదు. మధ్యాహ్నం మగ్గం ఆపి సరోజా నేనూ పాపను మ్యాట్నీకి తీసుకుపోయాం. సినిమాలో ఇద్దరు ఆడవాళ్లు ఆలుమగల్లా బతుకుతూ ఓ బిడ్డను పెంచుకుంటుంటారు. వాళ్లు తెర మీదికి వస్తే చాలు, హాలంతా ఒకటే నవ్వు. చీకట్లో నా చేతిలో ఉన్న తన చేతిని సరోజ మెల్లగా వెనక్కి తీసుకుంది.

పాప సరోజను పెద్దమ్మ అంటుంది. అంతకు మించి దానికి మేమేమీ చెప్పలేదు. బయటికి రాగానే అడిగింది: "అమ్మా, వాళ్లు మన మాదిరే ఉండారు కదా. అందరూ ఎందుకు నవ్వినారు?"

"తమాషా సినిమా కదమ్మా," అన్నాను. సరోజా నేనూ ఒకే ఇంట్లో బతుకుతున్న ఈ ఎనిమిదేళ్లలో ఇంతకంటే మంచి జవాబు వెతుక్కోలేకపోయాను.

మా ఇద్దరి చేతులూ పట్టుకుని నడిచింది. మా వీధి మలుపు తిరగ్గానే, ఎవరూ చెప్పకుండానే, పాప సరోజ చేయి వదిలేసింది.