గరుకు బండ

నాయనా,

నువ్వు పోయి మూడేళ్లయింది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా మన ఇంటి సంగతి నీకు కాక ఇంకెవరికి రాయను?

చాగలమర్రి దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కొట్టేయబోయే ఇళ్లకు ఫోటోలు తీసే పనిలో ఉన్నాను. పలక మీద ఇంటి నంబరు రాసిస్తే, యజమాని దాన్ని పట్టుకుని వాకిట్లో నిలబడాలి. రోజూ అదే పని, విసుగొచ్చేసింది. ఈరోజు మన ఇంటి వంతు వచ్చింది. మీయమ్మ, జేజి కూడా పోయాక తాళం వేసి నంద్యాలకు వచ్చేశాను గదా, ఇప్పుడు పైకప్పు కూలి లోపల కంపచెట్లు మొలిచాయి.

సూపర్‌వైజరు వాకిలి ముందరి మెట్టు చూసి నవ్వాడు. "ఏందప్పా, బేతంచెర్ల బండను తిరగేసి పరిచినాడు? గరుకు పక్క పైకి పెట్టినాడే. పని రాని మేస్త్రి."

ఒళ్లు మండింది. వానకు జేజి రెండుసార్లు జారిపడిందని నువ్వే ఆ బండను పెకలించి తిప్పి పరిచావు. ఊరంతా నవ్వినా మార్చలేదు.

"యజమాని యాడుండాడు? ఎవురూ లేరని రాసుకో," అన్నాడు.

"ఉండాడు," అని ఫోన్ వాడి చేతిలో పెట్టాను. పలక తీసుకుని, చెప్పులు విడిచి, ఆ బండ మీద నిలబడ్డాను.

"నీ ఇల్లా? ముందే చెప్పొద్దా?"

"పని రాని ఆ మేస్త్రి కొడుకును. తియ్యన్నా ఫోటో."

పొద్దుటి నుంచి తుంపర పడుతూనే ఉంది. బండంతా తడిసింది. కాలు జారలేదు నాయనా.